కొల్లేట్లో తెల్ల చుక్క

ఏలూరు,
10 జూన్ 2025

శ్రీహితా, తల్లీ,

ఈ రోజుల్లో ఉత్తరమేమిటని నవ్వుకుంటావు. నవ్వుకో. ఫోను నా పక్కనే ఉంది, చార్జింగూ ఉంది. అయినా నేను దాంట్లో మాట్లాడను. నేను మాట్లాడుతూండగా మీ అన్నయ్య చేశాడనుకో, వాడికి ఎంగేజ్ వస్తుంది. ఎవరి ఫోనో అడిగి తీసుకుని చేస్తాడాయె, రెండోసారి ఇస్తారో ఇవ్వరో. అందుకని ఈ తొమ్మిది నెలలూ ఆ ఫోను ఖాళీగానే ఉంచుతున్నాను. తాడేపల్లిగూడెంలో ఉన్న మీ అమ్మతో కూడా ఉత్తరాలే. పోస్టుమాన్‌కి మా వీధిలో నేనొక్కదాన్నే పని కల్పిస్తున్నాను.

అసలు సంగతికి వస్తాను. వరదలో జరిగింది నీకు తెలిసిందే. అయినా మళ్ళీ వరసగా రాస్తున్నాను, రాస్తేగాని నాకే కుదురు రావడం లేదు. వినాయక చవితి మర్నాడు మా కార్తికేయ వాళ్ళ కాలేజీ పిల్లలు కట్టిన పులిహోర పొట్లాలు తీసుకుని కొల్లేటి లంక ఊరికి బయల్దేరాడు. పాఠాలు చెప్పుకునేవాడివి నీకు పడవలతో పనేమిట్రా అంటే వినలేదు. "సాయంత్రానికి వచ్చేస్తానమ్మా, నువ్వు అన్నం తినేసెయ్" అన్నాడు. పడవ నడిపినవాడు వెస్లీ అని ఆ ఊరి మనిషే. ఉరవడికి పడవ గుర్రపుడెక్కలో చిక్కుకుని ఒరిగితే వెస్లీ నీళ్ళలో పడ్డాడు. డెక్క పట్టుకుని తేలుతూ, పడవ మీ అన్నయ్యతో సహా ఉప్పుటేరు వైపు కొట్టుకుపోవడం చూశాడు. బోర్లాపడడం మాత్రం చూడలేదు. అది గుర్తుపెట్టుకో. పడవ బోర్లాపడడం ఎవరూ చూడలేదు. తరవాత పడవా దొరకలేదు, వాడూ దొరకలేదు.

మీ పెదనాన్నగారు వచ్చే మహాలయ పక్షంలో వాడికి కర్మ చేసేస్తానంటున్నారు. మనిషి దొరక్కపోతే దర్భలతో బొమ్మ చేసి దానికి దహనం చేస్తారు. ఏలూరులో అలాంటివి ఎన్నో చేయించిన పురోహితుడే ఆయన. నేను ఒప్పుకోను. పోయాడని తెలిస్తే చెయ్యాలి. తెలియకపోతే పన్నెండేళ్ళు ఆగాలి. ఆ మాట ఇంకెవరింటి విషయంలోనో నాకు చెప్పింది ఆయనే.

నువ్వు ఉపగ్రహాల ఫోటోలు చూసే ఉద్యోగంలో ఉన్నావు. భూమిని పైనుంచి రోజూ ఫోటోలు తీస్తారని నువ్వే అన్నావు. ఆ రోజు మధ్యాహ్నం కొల్లేటి ఫోటో ఒకటి తీసి పంపు. పడవ ఎటు వెళ్ళిందో చూసుకుంటాను. నేనడిగేది అంతే.

మాగాయ ముక్కలు ఎండబెట్టాను. ఏడుపొస్తున్నా ఊరగాయ పెట్టక తప్పుతుందా. నీ జాడీ విడిగా ఉంచుతాను.

మీ దొడ్డమ్మ,
ఆండాళ్ళు

*

అహ్మదాబాద్,
21 జూన్ 2025

దొడ్డమ్మా,

మీ ఉత్తరం ఆఫీసుకి వచ్చింది. కవరు మీద మీ చేతిరాత చూసి విప్పకుండా సాయంత్రం దాకా బ్యాగులోనే ఉంచుకున్నాను.

మీరడిగిన రోజు ఫోటో లేదు. సరిగ్గా చెప్పాలంటే, ఉంది, అందులో కొల్లేరు లేదు. మన కంటికి లాగే పైనున్న కెమేరాకీ మబ్బు అడ్డమే. ఆ వారమంతా మన జిల్లా మీద ఒకటే తెలుపు. ఏ దేశం వాళ్ళ ఉపగ్రహం తీసినా అదే తెలుపు. అన్నీ వెతికాను.

మీకు ఆశ్చర్యంగా ఉండొచ్చు. క్యాలెండర్ల మీద మబ్బు తునక కూడా లేని భూమి బొమ్మలు వేస్తారు చూశారా, అవి ఒకరోజు తీసినవి కావు. ఎన్నో రోజుల ఫోటోల్లోంచి మబ్బులేని ముక్కలు ఏరి అతికించినవి. అలాంటి భూమిని ఎవరూ ఎప్పుడూ చూడలేదు. వానాకాలంలో మన వైపు అయితే చూసిన రోజులకంటే చూడని రోజులే ఎక్కువ. మబ్బు లేకపోయినా చిక్కే. గుర్రపుడెక్క కప్పేసిన కొల్లేరూ, పచ్చగా ఉన్న వరిచేనూ పైనుంచి ఒక్కలాగే ఉంటాయి. సరస్సు ఎక్కడ ఆగిందో, చేను ఎక్కడ మొదలైందో చెప్పడానికే నన్ను ఇక్కడ ఉద్యోగంలో పెట్టుకున్నారు. మూడేళ్ళుగా తల బద్దలు కొట్టుకుంటున్నాను.

అన్నయ్య గురించి "ఉన్నాడు" అనాలో ఇంకేమనాలో తెలియక ఈ పేజీ రెండుసార్లు చింపేశాను. నాకూ వాడు కావాలి దొడ్డమ్మా. చిన్నప్పుడు నా లెక్కల నోట్సులన్నింటికీ అట్టలు వేసింది వాడే.

పెదనాన్నగారికి నా నమస్కారాలు చెప్పండి. మీరు వేళకి తింటున్నారని రాయండి.

శ్రీహిత

*

ఏలూరు,
30 జూన్ 2025

శ్రీహితా,

నీ ఉత్తరం చదివాను. మబ్బులున్నాయన్నావు. బాగుంది.

నేను పల్లెటూరి మొద్దునేమీ కాదు. పేపరు చదువుతాను. పైనుంచి కారు నంబరు ప్లేటు కూడా చదివేస్తారని రాశారు. దేశాల సరిహద్దుల్లో ట్యాంకులు లెక్కపెడతారు. అలాంటిది కొల్లేరంత కొల్లేరు కనిపించలేదా? మా మేడ మీద వాటాలో ఉండే నాగదుర్గ పిల్లలకి కంప్యూటర్లు చెబుతుంది. ఆ అమ్మాయిని అడిగితే, మబ్బుల్లోంచి కూడా చూసేవి ఉన్నాయండీ పిన్నిగారూ, రాడార్లంటారు అంది. మరి నువ్వు ఆ మాట ఎందుకు రాయలేదు?

నాకు ఒకటే తోస్తోంది. నీకు ఏదో కనిపించింది. చూస్తే తట్టుకోలేనని దాచావు. లేకపోతే మీ పెదనాన్నగారు నీకు ఫోను చేసి, దానికి ఏమీ పంపకు, మహాలయం అయ్యేదాకా ఊరుకో అని చెప్పారు. ఆయన ఈ మధ్య నాతో మాట్లాడడమే తగ్గించారు. గుమ్మంలో చెప్పులు విడిచి నేరుగా దేవుడి గదిలోకి వెళ్ళిపోతున్నారు.

గోడకి వాడి ఫోటో పెట్టడానికి ఆయన మేకు కొట్టించబోతే సుత్తి లాక్కున్నాను. ఈ ఇంట్లో ఎవరు ఎవరి పక్షమో నాకు తెలిసిపోయింది. నువ్వు ఎటో చెప్పు.

దొడ్డమ్మ

*

అహ్మదాబాద్,
12 జులై 2025

దొడ్డమ్మా,

నేను మీ పక్షమే. పెదనాన్నగారు నాకు ఫోను చేయలేదు. ఒట్టు.

నాగదుర్గగారు చెప్పింది నిజమే. మబ్బుల్ని దాటి చూసే ఉపగ్రహాలున్నాయి. నేను దాచలేదు. మీరు ఆ రోజు ఫోటో అడిగారు, మాకు బొమ్మలందే రాడారు ఉపగ్రహం ఆ రోజు మన మీదుగా వెళ్ళలేదు. రెండు రోజుల తరవాత వెళ్ళింది. అదే దారిలో మళ్ళీ పన్నెండు రోజులకి వస్తుంది. ఆ రెండు బొమ్మలూ ఈ ఉత్తరంతో పంపుతున్నాను, పెద్దవిగా ప్రింటు తీయించి.

వీటిని మామూలు ఫోటోలా చూడకండి. ఇది వెలుతురుతో తీసింది కాదు. పైనుంచి రేడియో తరంగాన్ని వదిలితే, కింద తగిలి తిరిగొచ్చినదాన్ని బట్టి గీసిన బొమ్మ. నిలకడగా ఉన్న నీళ్ళ మీద పడ్డది పక్కకి జారిపోతుంది, తిరిగి రాదు. అందుకని నీళ్ళు నల్లగా ఉంటాయి. దేనికైనా తగిలి వెనక్కి వచ్చినచోట తెల్లగా ఉంటుంది. ఇళ్ళు, చెరువుల గట్లు, పడవలు, దట్టమైన చెట్లు ఇలాంటివి.

మీరు చూస్తారు, అంతా నలుపే. అంత నీళ్ళు నేనెప్పుడూ చూడలేదు. ఎక్కడికక్కడ చేపల చెరువుల గట్లు కూడా మునిగిపోయాయి.

ఇక్కడ వానలు మొదలయ్యాయి. మెస్‌లో పప్పులో బెల్లం వేస్తారు. మీ మాగాయే దిక్కు.

శ్రీహిత

*

ఏలూరు,
21 జులై 2025

నా బంగారు తల్లీ,

నీ నోట్లో పంచదార పోస్తాను. కనిపించాడే!

బొమ్మలు వచ్చిన రోజునే నాగదుర్గని కిందికి పిలిచి, ఇద్దరం కూర్చుని వెతికాం. వెస్లీ వాళ్ళ లంకకి కొంచెం దక్షిణంగా, నల్లటి నీళ్ళ నడుమ, తెల్లటి చుక్క ఒకటి. చుట్టూ ఇల్లు లేదు, గట్టు లేదు. రెండో బొమ్మలో అక్కడ లేదు. ఎక్కడుందనుకున్నావు? ఉప్పుటేరు మొగ దగ్గరుంది! వెస్లీ చెప్పిన వైపే వెళ్ళింది. పడవలు తెల్లగా కనిపిస్తాయని నువ్వే రాశావు. పన్నెండు రోజుల తరవాత కూడా పడవ మునగలేదన్నమాట. మునగని పడవలో మనిషి ఎందుకు మునుగుతాడు? ఉప్పుటేరు దాటితే సముద్రం. అక్కడ ఎన్ని ఓడలు, ఎన్ని వేటపడవలు. ఎవరో ఎక్కించుకునే ఉంటారు. ఒంట్లో బాగాలేదో, పేరు చెప్పలేని స్థితిలో ఉన్నాడో.

మీ పెదనాన్నగారికి చూపించి, "ఏవండీ, ఇదిగో మీ అబ్బాయి. ఇప్పుడు దర్భలు కొయ్యండి చూస్తాను" అన్నాను. ఆయన కళ్ళజోడు పెట్టుకుని చాలాసేపు చూశారు. లోపలికి వెళ్ళి పంచాంగం మూసేశారు. కర్మ ఆగిపోయినట్టే.

బొమ్మని దేవుడి గదిలో వేంకటేశ్వరుడి పక్కన పెట్టాను. పనిలో పనిగా ద్వారకా తిరుమలకి మొక్కుకున్నాను, వాడు రాగానే నడిచి కొండెక్కుతానని. మోకాళ్ళ సంగతి అప్పుడు చూసుకుందాం. తీరం వెంట ఊళ్ళన్నీ తిరగడానికి వెస్లీని రమ్మన్నాను. "తవరు రమ్మంటే వత్తానండీ అమ్మగారూ" అన్నాడు పాపం. ఆ చుక్క తరవాత ఎటు వెళ్ళిందో మిగతా బొమ్మలు కూడా పంపు.

నిన్ను అనుమానించాను. మనసులో పెట్టుకోకు.

మీ దొడ్డమ్మ

*

అహ్మదాబాద్,
29 జులై 2025

దొడ్డమ్మా,

ఈ ఉత్తరం రాయడం నాకు చాలా కష్టంగా ఉంది. కూర్చుని చదవండి.

ఆ చుక్క పడవ అని నేను చెప్పలేను. మా పెద్ద సైంటిస్టుకి చూపించాను. గుర్రపుడెక్క తెట్టెలా కూడి నీళ్ళ మీద కొట్టుకుపోతుంటే అది కూడా తెల్లగానే కనిపించవచ్చు అన్నారు. మొదటి బొమ్మలో చుక్కా, రెండో బొమ్మలో చుక్కా ఒకటేనని కూడా నమ్మకం లేదు. అన్నయ్య ఎక్కింది ఫైబరు పడవ. చిన్నది. ఇనప పడవలు తెల్లగా వస్తాయని తెలుసు. డెక్కలో ఇరుక్కున్న ఫైబరు పడవ పైకి ఎలా కనిపిస్తుంది? పుస్తకాల్లో లేదు. ఆ సంగతి చెప్పాలంటే ఎవరో ఒకరు కింద నిలబడి, ఇది ఫలానా వస్తువు అని రాసుకోవాలి, అదే సమయానికి పైనుంచి బొమ్మ తీయాలి. అప్పుడు రెండూ పక్కపక్కన పెట్టి పోల్చుకుంటాం. కొల్లేట్లో ఎవరూ ఆ పని చేయలేదు. ప్రపంచంలో చాలాచోట్ల చేయలేదు. మిగతా చోట్ల అంచనాలే.

మీకు ఇవన్నీ ముందే రాయాల్సింది. "పడవలు" అన్న ఒక్క మాట పట్టుకుంటారని ఊహించలేదు. తరవాతి బొమ్మల్లో ఆ చుక్క ఎక్కడా లేదు.

అయినా కర్మ ఆపడం మంచిదే అనిపిస్తోంది. ఏమీ తెలియకుండా పెదనాన్నగారు అంత తొందరపడడం నాకూ నచ్చలేదు. కొడుకు సంగతి తేల్చేసి చేతులు దులుపుకుందామన్నట్టుంది.

శ్రీహిత

*

ఏలూరు,
5 ఆగస్టు 2025

శ్రీహితా,

ముందు ఒక మాట. మీ పెదనాన్నగారిని నేను అనవచ్చు. నువ్వు అనకూడదు.

ఆయన తొందరపడడం లేదు. పోయినేడు మహాలయంలో ఏం జరిగిందో నీకు చెప్పలేదు. అప్పటికి వాడు వెళ్ళి మూడు వారాలు కూడా కాలేదు. పెరట్లో కూర్చుని తర్పణాలు వదులుతున్నారు. తండ్రి పేరు, తాత పేరు, ముత్తాత పేరు చెప్పారు. ఆపైన చెయ్యి అలాగే ఉండిపోయింది. నువ్వుల నీళ్ళు వేళ్ళ సందుల్లోంచి కారిపోయాయి. పీటల మీంచి లేచి వచ్చి నాతో అన్నారు: "వాడు పోయి ఉంటే, దాహం అని నా ఎదురుగా నిలబడ్డ కొడుక్కి గుక్కెడు నీళ్ళు ఇవ్వనివాణ్ణి అవుతానే. ఉండి ఉంటే, బతికున్న కొడుక్కి తిలోదకాలు ఇచ్చినవాణ్ణి అవుతాను. ఏది చెయ్యనూ?" అప్పటినుంచి ఆయన ఒంటిపూట భోజనమే. ఏడాదిగా ఆ దాహం ఆయన్ని తినేస్తోంది. అందుకని ఒకటి తేల్చుకుందామన్నారు. చేతులు దులుపుకోవడానికి కాదు.

ఇక నీ చుక్క సంగతి. తెలియదన్నావు. తెలియదని రాసినందుకు కోపం రాలేదు, రెండు రోజులు అన్నం సయించలేదు అంతే. మూడో రోజు ఒకటి తోచింది. డెక్కలో పడవ పైకి ఎలా కనిపిస్తుందో ఎవరూ చూడలేదంటావు. చూడాలంటే ఎవరో ఒకరు కింద ఉండాలంటావు. దానికేం భాగ్యం? నేను వెళ్ళి కూర్చుంటాను. వెస్లీ దగ్గర అదే రకం పడవ ఇంకొకటి ఉంది. అదే చోట, అదే డెక్కలో. మీ ఉపగ్రహం కొల్లేటి మీదికి ఎప్పుడు వస్తుందో ముహూర్తం చూసి రాయి. మేం తెల్లగా పడితే ఆ చుక్క మా వాడే.

దొడ్డమ్మ

*

అహ్మదాబాద్,
12 ఆగస్టు 2025

దొడ్డమ్మా,

పెదనాన్నగారి గురించి అలా రాసినందుకు సిగ్గుపడుతున్నాను. క్షమించండి.

మీరు కొల్లేట్లోకి వెళ్ళడం నాకిష్టం లేదు. వద్దంటే వినరని తెలుసు కాబట్టి రాస్తున్నాను. ఆగస్టు 23, శనివారం, ఉదయం ఆరుంబావు ప్రాంతంలో అది మన మీదుగా వెళుతుంది. ఆరింటికల్లా అక్కడ ఉండి, ఆరున్నర దాకా కదలకండి. లైఫ్ జాకెట్లు వేసుకోవాలి. మీరున్న చోటుని వెస్లీ ఫోనులో గుర్తుపెట్టి నాకు పంపమనండి. గాలి ఎక్కువగా ఉంటే మానేయండి, మళ్ళీ పన్నెండు రోజులకి వస్తుంది. మీరు కనిపించకపోతే ఏమనుకుంటారో అని భయంగా ఉంది. కనిపిస్తే ఇంకా భయం.

శ్రీహిత

*

ఏలూరు,
24 ఆగస్టు 2025

శ్రీహితా,

వెళ్ళొచ్చాం.

నువ్వు రాసిన తారీఖు చూసి మీ పెదనాన్నగారు పంచాంగం తీశారు. "శ్రావణ అమావాస్యే. అమావాస్య నాడు పడవెక్కుతావా?" అన్నారు. పోలాల అమావాస్య అండీ, పిల్లల కోసం తల్లులు చేసే పూజ, ఆ రోజే వెళ్ళాలి అన్నాను. తెల్లారకుండా లేచి కందమొక్క పెట్టి పూజ చేసుకుని, పసుపు తోరం కట్టుకుని గుమ్మంలోకి వచ్చేసరికి ఆయన కండువా వేసుకుని ఆటోలో కూర్చుని ఉన్నారు. నేను పిలవలేదు. ఆయన చెప్పలేదు.

వెస్లీ పడవని డెక్కలోకి నెట్టి ఆపాడు. చుట్టూ ఊదా పూలు. పైన మబ్బు. నువ్వు చెప్పినట్టు జాకెట్లు వేసుకున్నాం, నారింజ రంగువి. మడి బట్టల మీద ఆ జాకెట్టుతో మీ పెదనాన్నగారిని చూస్తే ఇంకో రోజైతే నవ్వు ఆగేది కాదు. ఆరుంబావుకి వెస్లీ "ఇప్పుడేనండీ" అన్నాడు. చప్పుడేమైనా వినిపిస్తుందేమో అనుకున్నాను, ఏమీ లేదు. నేను మొహం పైకెత్తి చెయ్యి ఊపాను. సిగ్గు లేకుండా చెబుతున్నాను, "ఇక్కడున్నాం" అని గట్టిగా అరిచాను కూడా. ఆయన నన్ను వారించలేదు.

గుర్తు పంపానన్నాడు వెస్లీ. బొమ్మ వచ్చిన వెంటనే రాయి. నా కోసం మార్చి రాయకు.

దొడ్డమ్మ

*

అహ్మదాబాద్,
30 ఆగస్టు 2025

దొడ్డమ్మా,

మార్చకుండా రాస్తున్నాను.

మీరు కనిపించలేదు. వెస్లీ పంపిన గుర్తు దగ్గర డెక్క ఉంది. చుట్టూ ఎలా ఉందో మీరున్న చోటా అలాగే, బూడిదరంగులో. పడవ లేదు, మీరు లేరు. ఎన్ని రకాలుగా చూడవచ్చో అన్ని రకాలుగానూ చూశాను. మా వాళ్ళందరినీ పిలిచి చూపించాను. మీరున్నారని తెలిసి చూసినా ఎవరికీ ఏమీ కనిపించలేదు. మీరూ, పెదనాన్నగారూ, వెస్లీ ముగ్గురూ ప్రాణాలతో అక్కడ కూర్చుని, మీరు చెయ్యి ఊపి అరిచిన సమయంలోనే తీసిన బొమ్మ ఇది. అది చూస్తూ నా సీట్లోనే ఏడ్చేశాను. ఇన్నేళ్ళుగా ఈ బొమ్మలు చూసి ఇక్కడ నీళ్ళున్నాయి, ఇక్కడ ఏమీ లేదు అని రాసి సంతకాలు పెట్టాను. ఏమీ లేదని రాసిన చోట ఎవరెవరు ఉన్నారో నాకేం తెలుసు.

ఇంకొకటి. మీకు దక్షిణంగా కొంత దూరంలో, నడి నీళ్ళలో, ఒక తెల్లటి చుక్క ఉంది. పోయినేడు చూసినదాని లాంటిదే. అక్కడ ఏముందో నాకు తెలియదు. మీరు చూశారా?

దీనివల్ల పోయినేటి చుక్క అన్నయ్య కాదని తేలిందా అంటే, పూర్తిగా తేలలేదు. వరద ప్రవాహంలో, ఖాళీ నీళ్ళ మీద అదే పడవ ఎలా ఉంటుందో మళ్ళీ వేరు. అన్నయ్య లేడనీ దీన్ని బట్టి చెప్పలేను, ఉన్నాడనీ చెప్పలేను. మీరు నన్ను అడిగింది ఒకే ఒక్కటి. అది నా చేతకాలేదు.

దయచేసి దీన్ని బట్టి ఏ నిర్ణయమూ తీసుకోకండి. మీ ఆరోగ్యం ఎలా ఉందో రాయండి.

శ్రీహిత

*

ఏలూరు,
9 సెప్టెంబరు 2025

శ్రీహితా, నా తల్లీ,

ఏడవకు. నీ చేతకాకపోవడమేమిటి? కనిపించనిది కనిపించలేదని రాశావు. నా కోసం చిన్న చుక్క పెట్టి పంపినా నేను నమ్మేదాన్ని. అది నువ్వు చేయలేదు.

దక్షిణంగా చుక్క అడిగావు. అక్కడ ఏమీ లేదు. డెక్క కుప్పగా కూడి ఉంది, దాని మీద గూడబాతులు వాలి ఉన్నాయి. వస్తూ పక్కనుంచే వచ్చాం. కాబట్టి పోయినేటిది కూడా అలాంటి కుప్పే అయుంటుంది. దేవుడి గదిలోంచి ఆ బొమ్మ తీసేశాను.

కానీ నేను ఒప్పుకున్నది నీ బొమ్మ చూసి కాదు. నీ ఉత్తరం రాకముందే ఒప్పుకున్నాను. పడవలో జరిగినదంతా ఆ రోజు నీకు రాయలేదు. రాసే ధైర్యం లేకపోయింది.

ఆరున్నర దాటాక వెస్లీ "ఎల్దామాండీ?" అని అడిగాడు. కాసేపు ఉండమన్నాను. అతను అటు తిరిగి కూర్చున్నాడు. అప్పుడు మీ పెదనాన్నగారు, నీళ్ళ వైపు చూస్తూ, "వాడు ఆ రోజు ఏం తిని బయల్దేరాడే?" అని అడిగారు. ఆ తర్పణాల రోజు తరవాత వాడి గురించి ఆయన నన్ను అడిగిన మొదటి మాట అది. చద్దిగా మిగిలిన ఉండ్రాళ్ళు రెండు నోట్లో వేసుకుని వెళ్ళాడండీ, కాఫీ కూడా పూర్తిగా తాగలేదు అన్నాను. "ఆకలితోనే వెళ్ళాడు" అన్నారు. అని కండువా మొహాన కప్పుకున్నారు. పెళ్ళయి ముప్ఫై నాలుగేళ్ళయింది, ఆయన ఏడవడం నేను చూడలేదు. వాళ్ళమ్మ పోయినప్పుడు కూడా.

నేను ఇన్నాళ్ళూ వాణ్ణి నిలబెడుతున్నాననుకున్నాను. వాడు ఉంటే ఎక్కడో తింటూ ఉంటాడు, నా తిండితో పని లేదు. లేకపోతే మాత్రం ఏడాదిగా వాడికి ఎవరూ ఒక ముద్ద పెట్టలేదు, గుక్కెడు నీళ్ళివ్వలేదు. నేనే పెట్టనివ్వలేదు. ఆయన చెబుతున్నది నాకు ఆ పడవలో అర్థమైంది. పైనుంచి మమ్మల్ని ఎవరైనా చూశారా లేదా అన్నది ఆ తరవాత నాకు పట్టలేదు.

అయినా ఒక్కటి అడక్కుండా ఉండలేకపోయాను. "మనం చేసేశాక వాడు వస్తే?" అన్నాను.

"వస్తే చెయ్యాల్సింది శాస్త్రంలో ఉంది" అన్నారు. నాకు తెలియదు శ్రీహితా, ఇన్నేళ్ళు పురోహితుడి ఇంట్లో ఉండి ఎప్పుడూ వినలేదు. కర్మ అయిపోయిన మనిషి తిరిగొస్తే పాత బతుకు అయిపోయినట్టేనట. గుమ్మం బయటే నేతితో స్నానం చేయించి, అప్పుడే పుట్టిన బిడ్డకి చేసినట్టు అన్నీ మొదటినుంచి చేయాలిట. జాతకర్మ, నామకరణం, అన్నప్రాశన, ఉపనయనం అన్నీ. తల్లి ఒళ్ళో కూర్చోబెట్టుకోవాలిట, ఎంత పెద్దవాడైనా.

"ఇంతమందికి చేయించారు కదండీ, ఎవరైనా అలా తిరిగొచ్చారా?" అని అడిగాను. "లేదు" అన్నారు. నన్ను ఊరడించడానికైనా అబద్ధం చెప్పలేదు. అందుకే ఒప్పుకున్నాను.

పద్దెనిమిదో తారీఖున కొల్లేటి గట్టు మీద. దర్భలు ఆయనే కోసుకొచ్చారు. అరుగు మీద ఆరబెట్టి ఉన్నాయి. బొమ్మ కూడా ఆయనే కడతారట, ఇంకొకరి చేత కట్టించను అన్నారు. నేను పిండాలకి అన్నం వండుతాను. వాడికి అన్నం మెత్తగా ఉంటే నచ్చదు, పొడిపొడిగా వండుతాను. నువ్వు రా. మీ అమ్మ వస్తానంది. నీ బొమ్మలూ లెక్కలూ అక్కడే వదిలేసి రా. నీ పక్కన కూర్చోవాలని ఉంది నాకు.

ఒడ్డుకి వచ్చాక ఇంకో మాట అడిగాను ఆయన్ని. వాడు వస్తే నామకరణం మళ్ళీ చెయ్యాలన్నారు కదా, అప్పుడు వేరే పేరు పెట్టాలా అని. ఏ పేరైనా పెట్టుకోవచ్చు అన్నారు.

"కార్తికేయ అనే పెడదామండీ" అన్నాను. "అలాగే" అన్నారు.

మీ దొడ్డమ్మ,
ఆండాళ్ళు